అమ్మడి వ్యాసం చదివాక

చి. అమ్మడికీ, చిన్నోడికీ
అమ్మమ్మ దీవెనలు.

వ్యాసం అందింది. మీ అమ్మ ఫొటోలు తీసి పంపితే ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసుకుని చదివాను. ‘సాహిత్యం నుంచి, ఇంటి నుంచి నేను నేర్చుకున్న నీతులు’ అని బడిలో రాయమన్నారట. చేతిరాత బాగుంది. ఒత్తులు అక్కడక్కడా జారాయి, పండక్కి వచ్చినప్పుడు చూద్దాం. చిన్నోడా, నువ్వూ చదువు. రేపు నీకూ ఇదే రాయమంటారు.

అమ్మడూ, మొదటి పేజీలోనే మూడు నీతులు చెప్పావు: ఆడిన మాట తప్పకూడదు, పెద్దల మాట వినాలి, చుట్టాల్ని ఆదరించాలి. మొదటిదానికి బలి చక్రవర్తిని తెచ్చావు. బాగానే ఉంది గానీ, ఆ కథలో నీ రెండో నీతి ఏమైందో చూశావా?

దానం ధారపోయబోతున్న బలిని ఆపింది సొంత గురువు శుక్రాచార్యుడు. వచ్చినవాడు విష్ణువు, మూడడుగులని చెప్పి మూడు లోకాలూ పట్టుకుపోతాడు, ఇవ్వనని చెప్పెయ్ అన్నాడు. ఆయన అన్నట్టే జరిగింది కూడా. పైగా ఎక్కడెక్కడ బొంకవచ్చో పోతన ఆయన చేత ఒక పట్టీయే చదివించాడు. ఆడవాళ్ళ దగ్గర, పెళ్ళి వ్యవహారాల్లో, ప్రాణానికీ డబ్బుకీ మానానికీ ముప్పు వచ్చినప్పుడు, భయపడ్డ ఆవుల్నీ బ్రాహ్మణుల్నీ కాపాడ్డానికీ బొంకితే పాపం లేదట. ఇన్ని మినహాయించాక మనిషి అబద్ధమాడాల్సిన చోటు ఇంకెక్కడ మిగులుతుందర్రా? నా చిన్నప్పుడు అప్పులవాడు వీధి గుమ్మంలోకి వస్తే ‘నాన్నగారు ఊళ్ళో లేరు’ అని మా అమ్మ నా చేత చెప్పించేది. నాన్న దొడ్లో కొబ్బరికాయలు ఒలుచుకుంటూ ఉండేవారు. ఆ పద్యం మా ఇంట్లో ఒకరు నేర్పక్కర్లేకుండానే వచ్చేసింది.

బలి గురువుతో వాదులాడలేదు. మీరన్నది నిజమే, గృహస్థుకి ధర్మం అదే అని ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాకే, నీకు కంఠతా వచ్చిన ‘కారే రాజులు రాజ్యముల్ గలుగవే’ అన్నాడు. గురువు శాపం తిన్నాడు, మాట నిలబెట్టుకున్నాడు. ఇంతకీ అతని తాతగారెవరు? ప్రహ్లాదుడు. ఆయన కన్నతండ్రి మాటే వినలేదు. పెద్దల్ని కాదనడం ఆ ఇంట్లో వంశపారంపర్యం, అయినా భాగవతం ఆ ఇద్దర్నీ నెత్తిన పెట్టుకుంది. అలాగని మీ అమ్మ లెక్కలు చెయ్యమంటే ప్రహ్లాదుణ్ణి అడ్డం తెచ్చుకోకు. ఆయన ప్రాణానికి తెగించాడు, మనవడు రాజ్యానికి నీళ్ళొదులుకున్నాడు. కాదన్నందుకు ఎవరేం చెల్లించారో నీ వ్యాసంలో రాలేదు. అక్కడ ఇంకో పేరా రాయి.

శకుంతల పద్యం మన రాజమహేంద్రవరంలో నన్నయ రాసిందని గర్వంగా చెప్పుకున్నావు, ముచ్చటేసింది. నూరు నూతులకంటే ఒక బావి, నూరు బావులకంటే ఒక యజ్ఞం, నూరు యజ్ఞాలకంటే ఒక కొడుకు, నూరుగురు కొడుకులకంటే ఒక నిజమైన మాట మేలు. అర్థం సరిగ్గానే రాశావు. నిండు సభలో, నువ్వెవరో ఎరగనన్న మొగుడి ఎదుట, పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని అన్నదని కూడా రాయాలి. కొడుకు హక్కు కోసం వచ్చిన మనిషి కొడుక్కంటే సత్యాన్ని ఒక మెట్టు పైన పెట్టింది.

చుట్టాల్ని ఆదరించాలని రాసి, కొంచెం కిందనే ‘అక్కరకు రాని చుట్టము’ పద్యమూ దించావు. నాకు నవ్వాగలేదు. గ్రక్కున విడిచెయ్యమంటోంది కదే ఆ పద్యం! అందులో గుర్రం కూడా ఉంది చూడు. సుమతీశతకం రాశాడని చెప్పే బద్దెన 13వ శతాబ్దం వాడు, రాజనీతి మీద కూడా రాసినవాడు. యుద్ధంలో గుర్రం మొరాయిస్తే తల పోతుంది కాబట్టి ఆ తొందర. మన వీధిలో చుట్టంతో అంత తొందరేముంటుంది?

1986 ఆగస్టులో గోదావరికి పెద్ద వరద వచ్చింది. మీ అమ్మకి అప్పటికి నెల నిండలేదు, నేను పురిటికి వెళ్ళి పుట్టింట్లోనే ఉన్నాను. మా పెదనాన్న వరసాయన ఒకాయన ఏటి మధ్య లంకలో ఉండేవాడు. పొలం గట్టు దగ్గర తగాదా వచ్చి మా నాన్నకీ ఆయనకీ మాటల్లేవు. లంక మునిగాక, పెళ్ళాం పిల్లలతో, రెండు గేదెలతో ఏటిగట్టు దిగి రాత్రివేళ మా గుమ్మంలోకి వచ్చాడు. నాన్న అరుగు మీంచి లేవలేదు. అమ్మ బయటికొచ్చి ముందు గేదెల్ని కట్టెయ్యమంది, తరవాత పొయ్యి రాజేసింది. నీళ్ళు తీసేదాకా ఉన్నారు. అమ్మ తగాదా ఊసెత్తలేదు. వెళ్ళేనాడు తోడికోడలికి బియ్యం మూట అందిస్తూ, ఆయనకి వినబడేలా, ‘గట్టు సంగతి మాత్రం పెద్దమనుషుల్లోనే తేలాలి అక్కయ్యా’ అంది. తేల్చుకుంది కూడా. మా వాటా మాకొచ్చింది.

‘అమ్మమ్మ వాళ్ళింట్లో అందరూ దయగలవాళ్ళు’ అని నువ్వు రాసిన వాక్యం కొట్టేసి, ఇది రాసుకో. అప్పులవాడి సంగతి కూడా రాసుకో, నాకేం సిగ్గులేదు.

ఆకలని వచ్చినవాళ్ళకల్లా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారికి రెండు వాక్యాలతో సరిపెట్టావు. పి. గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా కాలువని దాటించే అక్విడెక్టుకి ఆవిడ పేరే పెట్టారు. 1909లో పోయిన మనిషి, ఇప్పటికీ మన వైపు ఆవిడ గురించి ఒకటి చెప్పుకుంటారు. అంతర్వేది స్వామి దర్శనానికి పల్లకీలో వెళ్తుంటే, దారిలో ఆకలితో ఉన్నవాళ్ళు ‘సీతమ్మగారింటికి చేరితే అన్నం దొరుకుతుంది’ అనుకోవడం వినబడిందట. వాళ్ళకంటే ముందు ఇల్లు చేరాలని పల్లకీ వెనక్కి తిప్పించిందట. స్వామి దగ్గరికి వెళ్ళడమూ మంచిపనే కదా, మరి ఏది వదులుకుంది?

తిరగరాసి పంపు. మూడు నీతులూ ఉండనీ, అవి ఒకదానికొకటి అడ్డుపడ్డ చోట్లు చేర్చు. మీ నాయనమ్మని కూడా అడుగు, ఆవిడ పెద్దల్ని కాదన్న సందర్భం ఏదైనా ఉందేమో. ఉండే ఉంటుంది. నేనడిగితే చెప్పదు, వియ్యపురాలిని కదా.

అమ్మమ్మ