తలకు 1,200 రూపాయలు: సహిత విద్య తగవు వెనుక ఉన్న లెక్క

ప్రత్యేక అవసరాల పిల్లలకు సాధారణ బడుల్లోనే చదువు చెప్పే సహిత విద్య టీచర్ల పోస్టుల వ్యవహారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మళ్లీ రాజుకుంది. కొత్త పోస్టులను డీఎస్సీ ద్వారా అర్హులందరికీ తెరవాలా, లేక ఏళ్ల తరబడి మండలాల్లో ఈ పిల్లలకు చదువు, థెరపీ అందించే భవిత కేంద్రాలను నడుపుతున్న సహిత విద్య రిసోర్స్ పర్సన్లతో, అంటే శాఖలో అందరూ ఐఈఆర్‌పీలు అని పిలిచే కాంట్రాక్టు సిబ్బందితో, ముందుగా నింపాలా అన్నది పైకి కనిపిస్తున్న తగవు. స్పెషల్ బీఈడీ, స్పెషల్ డీఈడీ పూర్తిచేసి నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్న నిరుద్యోగులు ఒక వైపున ఉన్నారు. పదిహేనేళ్ల సర్వీసు చేసినా ఏటా రెన్యువల్ ఉత్తర్వు కోసం జిల్లా ప్రాజెక్టు కార్యాలయం వైపు చూడాల్సినవారు మరో వైపున ఉన్నారు. ఈ ఇద్దరి వాదాల మధ్య పిల్లల తల్లిదండ్రుల మాట పెద్దగా వినిపించడం లేదు. పోస్టు ఎవరికి దక్కుతుందన్నది వారి ప్రశ్న కాదు. తమ బిడ్డ చదువుకు ఏడాదికి ఎంత కేటాయిస్తారు, ఆ మొత్తాన్ని ఎవరు, ఏ ప్రాతిపదికన తేలుస్తారు అని వారు అడుగుతున్నారు.

ఈ విషయంపై వచ్చే కథనాలు సాధారణంగా 1974 నాటి కేంద్ర పథకంతోనో, 1995 నాటి వికలాంగుల చట్టంతోనో మొదలవుతాయి. వాటి గురించి తెలియనివారు తక్కువ కాబట్టి వాటిని ఇక్కడ దాటవేస్తున్నాం. నేటి తగవుకు అసలు మూలం 2001లో అమల్లోకి వచ్చిన సర్వశిక్షా అభియాన్ మార్గదర్శకాల్లోని ఒక చిన్న నిబంధనలో ఉంది. వైకల్యం ఉన్న పిల్లలను సాధారణ బడిలో చేర్చి చదివించేందుకు ఒక్కొక్కరికి ఏడాదికి 1,200 రూపాయల వరకు ఇస్తామని, జిల్లా ప్రణాళికను ఆ పరిమితికి లోబడి తయారు చేసుకోవాలని ఆ నిబంధన చెప్పింది. ‘వరకు’ అన్న మాటను ఆనాడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అప్పటిదాకా ఎక్కువ మండలాల్లో ఈ పిల్లల పేరిట పైసా కేటాయింపు ఉండేది కాదు కాబట్టి, 1,200 రూపాయలు వస్తున్నాయంటే సంతోషించినవారే ఎక్కువ.

ఆ నిబంధన చేసిన అసలు పని ఏమిటో అర్థం కావాలంటే ఒక మండలాన్ని ఊహించుకుని లెక్క వేసి చూడాలి. మండలంలో గుర్తించిన పిల్లలు వంద మంది అనుకుందాం. తలకు 1,200 చొప్పున ఏడాదికి 1,20,000 రూపాయలు, అంటే నెలకు 10,000 రూపాయలు వస్తాయి. గుర్తింపు శిబిరం ఖర్చు, ఉపకరణాలు, బ్రెయిలీ పుస్తకాలు, రవాణా భత్యం, ఫిజియోథెరపీ, ఇంటి వద్దకే వెళ్లి చెప్పే చదువు, వీటన్నిటితో పాటు చదువు చెప్పే మనిషి జీతం కూడా ఆ పది వేలలోనే సర్దుకోవాలి. ఇలాంటి లెక్కలో శాశ్వత ఉపాధ్యాయుడికి చోటు ఉండదు. ఉండేది గౌరవ వేతనంపై పనిచేసే మనిషికే. అదే బడిలో పక్క గదిలో తెలుగో లెక్కలో చెప్పే టీచరుది మంజూరైన పోస్టు కాగా, ఆ జీతం ఖజానా నుంచి వస్తుంది. చూపు లేని పిల్లవాడికి అక్షరం నేర్పే టీచరు జీతం మాత్రం పథకం పద్దులో ఒక ఖర్చుగా నమోదవుతుంది. ఐఈఆర్‌పీల ఉద్యోగాలకు భద్రత లేకపోవడానికి నియామకాల్లో ఏ అధికారి చేసిన పొరపాటో కారణమని వాదించేవారున్నారు గానీ, ఈ నిబంధనను అనుసరించిన ఏ జిల్లా అయినా అక్కడికే చేరి ఉండేది.

ఉమ్మడి రాష్ట్రంలో తర్వాత రాజీవ్ విద్యా మిషన్ అన్న పేరుతో నడిచిన ఈ పథకం కిందనే భవిత కేంద్రాలు రూపుదిద్దుకున్నాయి. వాటిని దగ్గరగా చూసినవారికి ఈ లెక్కలు వేరే చెప్పనవసరం లేదు. మండల కేంద్రంలోని ఏదో ఒక ప్రభుత్వ పాఠశాల ఆవరణలో ఒకటి రెండు గదులు, నడక నేర్పడానికి ఇరువైపులా పట్టుకునే ఇనుప కడ్డీలు, మాట నేర్పేటప్పుడు పెదవుల కదలిక చూపడానికి గోడకు ఒక అద్దం, మూలన చక్రాల కుర్చీ, బల్ల మీద హాజరు పట్టీ ఉంటాయి. ఫిజియోథెరపిస్టు వారంలో ఫలానా రోజున వస్తారు. ఆ రోజు బస్సు తప్పిపోతే మళ్లీ వారం ఆగాలి. ఎనిమిదేళ్ల బిడ్డను చంకనెత్తుకుని పక్క ఊరి నుంచి వచ్చే తల్లి మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చుంటుంది కాబట్టి ఆ పూట ఆమెకు కూలి పోతుంది. దానికి బదులుగా ఇచ్చే ఎస్కార్ట్ భత్యం నెలనెలా కాకుండా విద్యా సంవత్సరం చివర్లో ఒకేసారి ఖాతాలో పడటం కొత్త విషయమేమీ కాదు. శిబిరంలో వినికిడి యంత్రం ఉచితంగా ఇచ్చారు సరే, బ్యాటరీ అయిపోతే ఎవరిని అడగాలి అన్న ప్రశ్నకు ఆ గదిలో ఉన్న టీచరు తన జేబులోంచి డబ్బు తీయడం తప్ప జవాబు చెప్పలేని సందర్భాలు ఉంటాయి.

నిధి తలకు ఇంత అని స్థిరపడిన తర్వాత స్థానికంగా నిర్ణయించుకోవడానికి మిగిలేది స్వల్పం. మార్గదర్శకాలు జిల్లా ప్రణాళిక అన్న మాట వాడాయి. మండల వనరుల కేంద్రం నుంచి లెక్కలు వెళ్తాయి, జిల్లాలో వాటిని క్రోడీకరిస్తారు, రాష్ట్ర ప్రాజెక్టు కార్యాలయం వార్షిక ప్రణాళికగా మారుస్తుంది. అయితే ఆమోదం ఢిల్లీలోని ప్రాజెక్టు అప్రూవల్ బోర్డు చేతిలో ఉంటుంది. కింది నుంచి పైకి వెళ్లేది పిల్లల సంఖ్య. పై నుంచి కిందికి వచ్చేది ఆ సంఖ్యను నిర్ణీత మొత్తంతో హెచ్చించి, ఆపై కోత వేసిన అంకె. కళ్లద్దాలు ఇస్తే సరిపోయే పిల్లవాడూ, రోజూ ఒక మనిషి తోడు అవసరమైన మస్తిష్క పక్షవాతం ఉన్న పిల్లవాడూ ఆ హెచ్చవేతలో సమానమే. ఒకరి మీద మిగిలినది మరొకరికి ఖర్చు పెట్టుకునే వెసులుబాటు జిల్లా స్థాయిలో కాగితం మీద ఉన్నప్పటికీ, మొత్తమే చాలనప్పుడు మిగులు అన్న మాటకు అర్థం లేదు.

2009లో విద్యా హక్కు చట్టం వచ్చిన తర్వాత ఈ మొత్తాన్ని 3,000 రూపాయలకు పెంచారు. అందులో కనీసం 1,000 రూపాయలు రిసోర్స్ టీచర్ల కోసమే వాడాలని షరతు పెట్టారు. నేటి వాదనల్లో ఎవరూ ప్రస్తావించని ఈ షరతుకు ప్రాముఖ్యం ఉంది. టీచరు లేకుండా మిగతా ఖర్చు వృథా అని కేంద్రం ఆనాడే ఒప్పుకుంది కానీ, ఆ టీచరును మళ్లీ తల లెక్కకే కట్టేసింది. పై ఉదాహరణలోని మండలానికే చూస్తే, వంద మంది పిల్లలకు టీచర్ల కోసం విధిగా కేటాయించాల్సింది ఏడాదికి లక్ష రూపాయలు, అంటే నెలకు ఎనిమిది వేల పైచిలుకు. 2009-10లోనే తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు వేరే కేంద్ర పథకం మొదలైంది. దానితో ఎనిమిదో తరగతి దాటిన పిల్లవాడి పేరు ఒక పథకం పుస్తకంలోంచి మరో పథకం పుస్తకంలోకి మారాల్సి వచ్చింది. పిల్లవాడి వైకల్యం మారదు, ఊరు మారదు, చాలాచోట్ల బడి కూడా మారదు. పద్దు మాత్రం మారుతుంది.

2018లో సర్వశిక్షా అభియాన్‌నూ మాధ్యమిక విద్యా పథకాన్నీ కలిపి సమగ్ర శిక్షగా మార్చినప్పుడు ఆ అతుకు పోయింది. తలకు మొత్తం 3,500 రూపాయలైంది. ప్రత్యేక అవసరాల బాలికలకు నెలకు 200 రూపాయల చొప్పున ఉపకార వేతనం కూడా పెట్టారు. టీచర్ల వేతనాలకు వేరే పద్దు ఏర్పడింది. అయితే అదీ ఏటా ఆమోదం పొందాల్సిన పథకపు పద్దే, కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. విడుదలల్లో జాప్యం జరిగితే మొదట ఆగేది కాంట్రాక్టు సిబ్బంది జీతమే. 2023 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లోనూ, 2024 డిసెంబరులో తెలంగాణలోనూ సమగ్ర శిక్ష ఉద్యోగులు రోజుల తరబడి సమ్మె చేసినప్పుడు వారి కోర్కెల్లో క్రమబద్ధీకరణ ముందు వరుసలో నిలవడానికి నేపథ్యం ఇదే.

మధ్యలో 2016 నాటి చట్టం గుర్తించాల్సిన వైకల్యాలను ఏడు నుంచి ఇరవై ఒకటికి పెంచిన సంగతిని కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం వంటివి జాబితాలో చేరాయి. వీటిని ఒక పూట శిబిరంలో కొలమానంతో తేల్చడం కుదరదు. బిడ్డతో నెలల తరబడి పనిచేసిన టీచరే మొదట పసిగట్టగలరు. అంటే చట్టం అడిగిన పని పెరిగింది, ఆ పని చేయాల్సిన మనిషి హోదా మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

న్యాయస్థానం రంగంలోకి దిగింది ఈ ఖాళీలోనే. రజనీష్ కుమార్ పాండే కేసులో 2021 అక్టోబరు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రాథమిక స్థాయిలో పది మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు, ఆ పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు ఉండాలని నిర్దేశించింది. మరుసటి ఏడాది కేంద్రం దాన్ని నోటిఫై చేసింది. తలకు ఇన్ని రూపాయలు అన్న లెక్క స్థానంలో ఇంత మందికి ఒక టీచరు అన్న లెక్క వచ్చింది. ఈ రెండూ ఒకదానితో ఒకటి ఎంతగా పొసగవో చూడాలంటే పాత మండలానికే తిరిగి వెళ్దాం. వంద మందీ ప్రాథమిక తరగతుల పిల్లలే అయితే పది మంది టీచర్లు కావాలి. ఆంధ్రప్రదేశ్ 2022 వేతన స్కేళ్ల ప్రకారం సెకండరీ గ్రేడ్ టీచరు ప్రారంభ మూల వేతనం 32,670 రూపాయలు. పది మందికి ఒక్క నెల మూల వేతనమే 3,26,700 అవుతుంది. ఆ వంద మంది పిల్లల మీద ఏడాది పొడవునా పెట్టడానికి సమగ్ర శిక్ష అనుమతించేది 3,50,000 రూపాయలు.

రాష్ట్రాలు ఎందుకు వెనకాడాయో ఈ అంకెలే చెబుతున్నాయి. పథకంలో పెరిగిన ఖర్చులో పదింట ఆరు వంతులు కేంద్రం భరిస్తుంది. పోస్టు సృష్టిస్తే పింఛను పథకం వాటాతో సహా రాష్ట్రం మీద పడుతుంది. పిల్లలు బడికి ఒకరు ఇద్దరు చొప్పున చెదిరి ఉంటారు కాబట్టి పది మందికి ఒకరన్న లెక్క క్షేత్రంలో అతకదని ఆర్థిక శాఖల అధికారులు చెప్పే మాటలో కొంత నిజం ఉంది. అయితే, కొన్ని బడులకు కలిపి తిరుగుతూ బోధించే టీచర్లను వాడుకోవచ్చని కోర్టు 2021లోనే దారి చూపింది. ఐఈఆర్‌పీలు బడి నుంచి బడికి తిరుగుతూ చేస్తున్నది కూడా చాలాకాలంగా ఆ పనే.

తెలంగాణ 2024 డీఎస్సీలో మొత్తం 11,062 పోస్టుల్లో 220 స్కూల్ అసిస్టెంట్, 796 సెకండరీ గ్రేడ్ పోస్టులను ప్రత్యేక విద్యకు కేటాయించింది. 2025 మార్చి 7న సుప్రీంకోర్టు మళ్లీ కలగజేసుకుని, పోస్టులు మంజూరు చేసి మార్చి 28లోగా నోటిఫై చేయాలని రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. ఆంధ్రప్రదేశ్ ఏప్రిల్‌లో 2,260 పోస్టులు మంజూరు చేసింది. వాటిలో 1,136 సెకండరీ గ్రేడ్, 1,124 స్కూల్ అసిస్టెంట్ పోస్టులు. ఇప్పటి తగవు మొత్తం కోర్టు ఉత్తర్వులోని మరో భాగం చుట్టూ తిరుగుతోంది. కొన్నిచోట్ల ఇరవై ఏళ్లుగా కాంట్రాక్టు మీదో దినవేతనం మీదో పనిచేస్తున్నవారు ఉన్నారని గమనించిన కోర్టు, వారి అర్హతలను పరిశీలించడానికి స్క్రీనింగ్ కమిటీ వేయాలని, తగినవారిని వేతన స్కేలులోకి తీసుకోవాలని చెప్పింది. ఐఈఆర్‌పీలు పట్టుకున్నది ఈ భాగాన్నే. పరీక్ష రాయడానికి భయపడి తాము ఇలా అడగడం లేదని వారు చెబుతున్నారు. తాము చేరినప్పుడు ఈ కొలువుకు పరీక్ష పెట్టే పోస్టే లేదని, లేని పోస్టుకు పోటీ పడలేదని ఇప్పుడు తప్పుపట్టడం ఏమిటని అడుగుతున్నారు. ప్రత్యేక విద్య టీచర్లను నమోదు చేసే రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉన్న తమకూ బహిరంగ పోటీలో హక్కు ఉందన్నది నిరుద్యోగ అభ్యర్థుల వాదన. మంజూరైన సంఖ్య అవసరానికి సరిపడా ఉంటే ఈ రెండు వర్గాలూ ఒకరికొకరు అడ్డు వచ్చేవారు కాదు.

ఈ గొడవలో పిల్లల పద్దు ఎవరి నోటా రావడం లేదు. టీచరు జీతం ఖజానాలోకి మారినంత మాత్రాన పక్క ఊరి నుంచి వచ్చే తల్లి ఎస్కార్ట్ భత్యం, ఉపకరణాల మరమ్మతు, థెరపీ రోజులు అక్కడికి మారవు. అవి ఇంకా తల లెక్కలోనే, ఢిల్లీ ఆమోదం కోసం ఏటా వెళ్లే ప్రణాళికలోనే ఉన్నాయి. 2021లో సమగ్ర శిక్షను 2026 మార్చి వరకు పొడిగించినప్పుడు కూడా ఆ లెక్కను 3,500 రూపాయల దగ్గరే ఉంచారు.