14 రోజులు అనేది ఎవరి లెక్క?

కరోనా టైంలో 14 రోజులు గది దాటొద్దు అన్నప్పుడు చాలామందికి వచ్చిన డౌటే నాకూ వచ్చింది, 14 ఏంటి, 10 ఎందుకు కాదు, 20 ఎందుకు కాదు, ఎవరో కూర్చుని వేసిన కాకిలెక్క కాదు కదా అని. కాదట. ఆ నంబరు వైరస్ ఇచ్చిందే. క్రిమి ఒంట్లో దూరిన రోజు నుంచి మొదటి లక్షణం బయటపడేదాకా పట్టే టైముని ఇంక్యుబేషన్ పీరియడ్ అంటారు, కరోనాకి మొదట్లో లెక్కగట్టింది 2 నుంచి 14 రోజులు, ఎబోలా అనే ప్రాణాంతక జబ్బుకి 2 నుంచి 21. అందుకే ఎబోలా రోగికి దగ్గరగా మెలిగినవాళ్ళని 21 రోజులు కనిపెట్టుకుని ఉంటారు, రోజూ టెంపరేచర్ చూస్తారు, గడువు దాటినా ఏమీ రాకపోతే ఇక వదిలేస్తారు. ఆ ప్రాంతంలో జబ్బు వ్యాప్తి ఆగిపోయింది అని ప్రకటించాలంటే మాత్రం దానికి డబుల్, అంటే 42 రోజులు ఒక్క కొత్త కేసు కూడా రాకూడదు.

నిజంగా కాకిలెక్క వేసింది ఎవరంటే, 1377లో రగూసా అనే రేవు పట్నం వాళ్ళు, ఇప్పుడు దాన్ని డుబ్రోవ్నిక్ అంటారు. ప్లేగు ఉన్న చోట్ల నుంచి వచ్చేవాళ్ళని 30 రోజులు బయటే ఆపేశారు. తర్వాత్తర్వాత అది 40 అయ్యింది, ఇటాలియన్‌లో నలభైని క్వరాంటా అంటారు, క్వారంటైన్ అనే మాట అక్కణ్నుంచే పుట్టింది. ప్లేగు దేనివల్ల వస్తుందో కూడా అప్పటికి ఎవడికీ తెలీదు, అయినా "కొన్నాళ్ళు ఆపి చూద్దాం" అని తట్టింది చూడండి, అది గొప్పే. (అన్నట్టు క్వారంటైన్, ఐసోలేషన్ ఒకటి కాదు. జబ్బు ఉన్నవాళ్ళని పక్కన పెడితే ఐసోలేషన్, తగిలిందేమో అని అనుమానం ఉన్నవాళ్ళని ఆపితే క్వారంటైన్. టీవీల్లో రెండూ కలిపి కొట్టేసేవాళ్ళు.)

అసలు కిటుకు ఇంకోచోట ఉంది. మనిషి మంచం పట్టేది ఎప్పుడు, అంటించడం మొదలుపెట్టేది ఎప్పుడు, ఈ రెండిట్లో ఏది ముందు? జబ్బుని ఆపే రూల్ సులువా కష్టమా అన్నది చాలావరకు ఇక్కడే తేలిపోతుంది. 2002 చివర్లో మొదలై 2003లో పాకిన సార్స్ అనే ఊపిరితిత్తుల జబ్బులో మనుషులు ఎక్కువగా జబ్బు ముదిరాకే అంటించేవాళ్ళు, కాబట్టి జ్వరం ఉన్నవాళ్ళని వెంటనే పట్టుకుని ఐసోలేట్ చేస్తే గొలుసు తెగిపోయింది, సుమారు 8,000 కేసులతో అదే ఏడాది జులైకల్లా ఆగింది. మశూచి కూడా అంతే, ఒంటి మీద పొక్కులే చాటింపు వేసేవి, రోగిని వెతికి చుట్టూ ఉన్నవాళ్ళకి టీకాలు వేసుకుంటూ పోయారు, మామూలుగా సోకిన ఆఖరి కేసు 1977లో సోమాలియాలో. కరోనా అలా కాదు, లక్షణాలకి ఒకట్రెండు రోజుల ముందే అంటిస్తుంది, ఇక గుమ్మం దగ్గర నుదిటికి థర్మామీటర్ పెట్టి ఏం లాభం? అందుకే అందరూ మాస్క్ పెట్టుకోండి, దూరం ఉండండి అనే రూల్స్ వచ్చాయి. తట్టు మరీ ఘోరం, దద్దుర్లు కనపడటానికి 4 రోజుల ముందు నుంచే పాకుతుంది, రోగి గదిలోంచి వెళ్ళిపోయాక కూడా 2 గంటల దాకా గాల్లో ఉండగలదు, దాన్ని ఆపాలంటే 95 శాతం మందికి టీకా పడాల్సిందే, వేరే దారి లేదు.

శానిటైజర్ సంగతి కూడా ఇలాంటిదే, క్రిమిని బట్టే రూల్. కరోనా వైరస్ చుట్టూ కొవ్వు పొర ఉంటుంది, ఆల్కహాల్ తగిలితే అది చితికిపోతుంది. వాంతులు విరేచనాలు పట్టించే నోరోవైరస్‌కి ఆ పొరే లేదు, శానిటైజర్‌కి పెద్దగా లొంగదు, సబ్బుతో రుద్ది నీళ్ళ కింద కడిగేసుకోవాల్సిందే. అది వచ్చినవాళ్ళు తగ్గాక కూడా 48 గంటలు వంట జోలికి పోకూడదు అంటారు, ఎందుకంటే కడుపు కుదుటపడ్డా మలంలో వైరస్ ఇంకా పోతూనే ఉంటుంది.

మరి ఒంట్లో ఎప్పటికీ బాగానే ఉండి, ఎప్పటికీ అంటిస్తూనే ఉండే మనిషైతే? న్యూయార్క్‌లో మేరీ మాలన్ అని వంటమనిషి ఉండేది. 1906లో ఆమె వండిన ఒక ఇంట్లో 11 మందిలో 6 మందికి టైఫాయిడ్ వచ్చింది. ఉడికించిన కూరల్లో క్రిమి చస్తుంది కదా, అనుమానం పచ్చి పీచ్ ముక్కలు వేసి ఆమె చేసిన ఐస్‌క్రీం మీదకి పోయింది. 1907లో పట్టుకుని ఒక దీవిలో ఉంచారు, 1910లో ఇక వంట చేయనని మాట తీసుకుని వదిలారు. బట్టలుతికే పనికి పోతే వంటలో వచ్చినంత జీతం రాలేదు, పేరు మార్చుకుని మళ్ళీ వంటింట్లోకే వెళ్ళింది, 1915లో ఒక ప్రసూతి ఆస్పత్రిలో 25 మందికి టైఫాయిడ్. మళ్ళీ అదే దీవి. అలాంటివాళ్ళు ఆ ఊళ్ళో ఇంకా వందల మంది ఉన్నారని తర్వాత తేలింది, వాళ్ళనేమీ అలా ఏళ్ళకేళ్ళు బంధించలేదు. ఆమె మాత్రం 1938లో పోయేదాకా అక్కడే ఉంది, నాకు టైఫాయిడ్ ఎప్పుడూ రాలేదు మొర్రో అంటూనే.