నాచు మేసేవి లేకపోతే

సముద్రాల మీద పనిచేసే శాస్త్రవేత్తలు ఎప్పుడు చూసినా చావు కబురే మోసుకొస్తారేమని ఓ పాఠకుడు అడిగారు. జెరెమీ జాక్సన్ అనే అమెరికన్ జీవావరణ శాస్త్రవేత్త సంగతి చెబితే సరిపోతుంది. ఆయన చదువులు, పదవుల జాబితా మనకొద్దు. ఆయన పరిశోధన చేసిన, కరీబియన్ సముద్రంలోని జమైకా దీవి పగడపు దిబ్బల (పగడపు జీవులు కట్టుకున్న రాతి గుట్టల) దగ్గరికే పోదాం.

అక్కడ డయడెమా అనే నల్లటి సీ అర్చిన్లు (బంతిలాంటి సముద్ర జీవులు) విపరీతంగా ఉండేవి. ఒళ్లంతా పొడవాటి ముళ్లు. పగలు రాతి సందుల్లో నక్కి, రాత్రి బయటికొచ్చి, ఒంటి కింది వైపున్న నోట్లోని 5 పళ్లతో రాతి మీది నాచును గీకి తింటాయి. ఈ గీకుడే లేకపోతే పగడాలకు దిక్కు లేదు. మిల్లీమీటరు అటూ ఇటూ ఉండే పగడపు లార్వా, అంటే పగడం పిల్ల, ఈదుకుంటూ వచ్చి అతుక్కోవాలంటే శుభ్రమైన గట్టి రాయి కావాలి. నాచు కమ్మితే ఆ చోటు దొరకదు, పైగా ఒండ్రు పేరుకుంటుంది. ఎదిగిన పగడానికీ వెలుతురు అందదు. దాని కణాల్లోనే కాపురముండి తిండి తయారుచేసిపెట్టే సూక్ష్మ శైవలాలకు (కంటికి కనబడనంత చిన్న నాచు జాతులకు) వెలుతురే ఆధారం మరి.

1983లో పనామా కాలువ కరీబియన్ ముఖద్వారం దగ్గర ఈ అర్చిన్లకు ఓ జబ్బు తగులుకుంది. ఏడాది తిరిగేసరికి కరీబియన్ అంతటా 90 శాతానికి పైగా చచ్చాయి. మిగిలినవి దూరదూరంగా ఉండిపోయాయి. వీటి అండాలు, శుక్రకణాలు నీళ్లలోనే కలవాలి కాబట్టి జంటల మధ్య దూరం పెరిగితే ఫలదీకరణ కుంటుపడుతుంది. 1980 నాటి అలెన్ తుపాను దెబ్బ అంతకుముందే తగిలి ఉంది. జమైకాలో 1977లో 52 శాతం ఉన్న సజీవ పగడం 1993కల్లా 3 శాతానికి దిగింది. నాచు 4 నుంచి 92 శాతానికి ఎగబాకింది.

ఒక్క జీవి పోతే ఇంత నష్టమా? నాచు తినే పారట్ ఫిష్‌ను, అర్చిన్లను తినే చేపలను మనుషులు ఎప్పుడో పట్టేశారు. అందుకే అర్చిన్లు అన్నేసి పెరిగాయి, మేత బాధ్యతంతా వాటి మీదే పడింది. బడిలో ఆహారపు గొలుసని నాలుగు బాణాలు గీసి వదిలేస్తాం. ఒకే పని చేసేవి ఎన్ని రకాలున్నాయో ఆ బొమ్మలో ఉండదు, అసలు చూడాల్సింది అదే.

జాక్సన్ 1997లో ఇంకా వెనక్కి వెళ్లాడు. తాబేళ్లు, మానటీలు (సముద్రపు ఆవులు), మాంక్ సీళ్లు (ఒక రకం సీల్ జంతువులు) మధ్య, ఉత్తర కరీబియన్‌లో 1800 నాటికే దాదాపు ఊడ్చిపెట్టుకుపోయాయని చూపించాడు. ఇప్పటి దిబ్బల్ని చూసి సముద్రాన్ని అర్థం చేసుకోవడమంటే, ఏనుగుల్ని వదిలేసి చెదపురుగులతో ఆఫ్రికాలోని సెరెంగెటీ గడ్డిమైదానాన్ని అర్థం చేసుకోవడమేనన్నాడు. ఈ మాట నాకు భలే నచ్చుతుంది. మనం ‘చెక్కుచెదరలేదు’ అనుకున్న దిబ్బ కూడా అప్పటికే సగం ఖాళీ అయినదే.

అంతా చేజారిపోయిందని మాత్రం కాదు. ఆయన సంపాదకత్వంలో 2014లో వచ్చిన నివేదిక, 1970ల నుంచి కరీబియన్ పగడాలు సగానికి పైగా పోయాయంటూనే, పారట్ ఫిష్‌ను కాపాడుకున్న చోట్ల దిబ్బలు మెరుగ్గా ఉన్నాయని చెప్పింది. బెర్ముడా 1990లోనే చేపల బోనుల్ని నిషేధించింది. బెలీజ్ 2009లో పారట్ ఫిష్ వేటను ఆపేసింది.