హెవీ లైసెన్సు: మా కోరాపుట్ కుర్రాళ్ళు నమ్మే అపోహలు, అసలు వాస్తవాలు

"మాస్టారూ, బండి నాకొచ్చు. కార్డు ఒక్కటి వస్తే చాలు."

ఒడిశాలోని జయపురంలో నా దగ్గర లారీ నేర్చుకోడానికి వచ్చే కుర్రాళ్ళలో ఎక్కువమంది మొదట అనే మాట ఇదే. కోరాపుట్, సునాబెడ, రాయగడ, ఎక్కణ్ణించి వచ్చినా ఇదే మాట. మూడు నాలుగేళ్ళు క్లీనరుగా తిరిగుంటారు. డ్రైవరు భోజనానికి దిగితే బండి పక్కకి పెట్టుంటారు, రాత్రిళ్ళు ఖాళీ రోడ్డు మీద కాస్త దూరం తోలుంటారు. నేనూ ఒకప్పుడు ఆ క్లీనర్ సీట్లోంచి వచ్చినవాణ్ణే. జయపురం–సాలూరు–విశాఖ లైనులో ఏళ్ళతరబడి లారీ తోలాను. అందుకే వీళ్ళు నమ్ముతున్న మాటల్లో ఏవి తప్పో రాయాలనిపించింది.

అపోహ: 18 నిండితే హెవీ తీసుకోవచ్చు

18కి కారు లైసెన్సు వస్తుంది. లారీ లాంటి ట్రాన్స్‌పోర్ట్ బండికి 20 నిండాలి. పైగా లైట్ మోటార్ వెహికిల్ (ఎల్ఎంవీ) లైసెన్సు వచ్చి ఏడాది అయితేగాని ట్రాన్స్‌పోర్ట్ బండికి లెర్నర్ లైసెన్సు కూడా ఇవ్వరు. 1988 మోటారు వాహనాల చట్టంలోనే ఈ రెండూ ఉన్నాయి. లెర్నర్ వచ్చాక 30 రోజులు ఆగి, ఆరు నెలల్లోపు టెస్టుకి వెళ్ళాలి. చేతిలో ఏమీ లేకుండా 20 ఏళ్ళకి నా దగ్గరికొచ్చిన కుర్రాడికి ఇంకో ఏడాది పోయినట్టే. అమ్మానాన్నలకి నేను చెప్పేది ఒకటే, 18 నిండిన నెలలోనే ఎల్ఎంవీ తీయించండి.

అపోహ: ఎనిమిదో తరగతి పాసవకపోతే రాదు

ఆ నిబంధన 2019లోనే ఎత్తేశారు. ఇప్పటికీ ఆ మాట విని వెనక్కి వెళ్ళిపోతున్నవాళ్ళున్నారు, నాకు చాలా బాధేస్తుంది. అలాగని చదువు అక్కర్లేదని మాత్రం అనుకోవద్దు. పెట్రోలు, గ్యాసు, యాసిడ్ ట్యాంకర్లు తోలాలంటే మూడు రోజుల ప్రత్యేక శిక్షణ సర్టిఫికెట్ ఉండాలి. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఒక భాషతోపాటు ఇంగ్లీషూ చదవడం, రాయడం రావాలి. తెలుగు, ఒడియా రెండూ ఆ షెడ్యూలులో ఉన్నాయి కాబట్టి భాషతో ఇబ్బంది లేదు. మనవాళ్ళు ఆగిపోతున్నది ఇంగ్లీషు దగ్గరే. రోజుకో అరగంట కేటాయిస్తే అదీ వస్తుంది.

అపోహ: చిన్న గూడ్స్ బండికీ లైసెన్సులో వేరే ఎండార్స్‌మెంట్ (అదనపు అనుమతి) రాయించుకోవాలి

బండి మొత్తం బరువు 7,500 కిలోల లోపుంటే ఎల్ఎంవీ లైసెన్సు సరిపోతుంది. ముకుంద్ దేవాంగన్ కేసులో 2017లో సుప్రీంకోర్టు చెప్పిన ఈ మాటనే, 2024 నవంబరు 6న అయిదుగురు జడ్జీల ధర్మాసనం ఖాయం చేసింది. ఇక్కడ చూడాల్సింది ఖాళీ బండి బరువు కాదు, ఆర్సీలో లోడుతో కలిపి రాసే బరువు. ఈ తేడా తెలియక పెద్ద బండి ఎక్కినవాళ్ళు ప్రమాదం జరిగాక ఇన్సూరెన్సు దగ్గర ఇరుక్కుంటారు.

సుంకి దగ్గర సరిహద్దు దాటి ఆంధ్రాలోకి వెళ్తే ఒడిశా లైసెన్సు చెల్లదన్న మాటా వింటుంటాను. అది దేశమంతటా చెల్లుతుంది. ఆంధ్రాలో ఇంకోటి తీయించుకుంటేనే తప్పు, ఒక మనిషికి ఒకటే లైసెన్సు.

అపోహ: ఫారం 5 అంటే ఒట్టి కాగితం

డ్రైవింగ్ స్కూలు ఇచ్చే సర్టిఫికెట్ ఇది. ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సుకి తప్పనిసరి. డబ్బు కట్టి కాగితం తెచ్చుకునే అలవాటు మన దగ్గర ముదిరిపోయింది. ఆ మధ్య ఒక కుర్రాడు ఏదో స్కూలు నుంచి ఫారం 5 తెచ్చుకుని, తీరా బండి ఎక్కాలంటే భయమేసి నా దగ్గరికొచ్చాడు. ఆ స్కూల్లో స్టీరింగు పట్టుకుంది రెండుసార్లట.

వాణ్ణి సీట్లో కూర్చోబెట్టి నేను కిందికి దిగాను. ఎడమ ముందు టైరుకి ఆనుకుని నిలబడి, "నాన్నా, నేను కనబడుతున్నానా?" అని అరిచాను. అద్దంలో చూశాడు, వంగి చూశాడు. "లేదు మాస్టారూ." ఓ అడుగు పక్కకి జరిగాను. అప్పటికీ లేదు. నేను ఆరడుగుల మనిషిని. అదే చోట సైకిలు తొక్కుకుంటూ ఓ బడిపిల్ల ఉంటే? వాడు చాలాసేపు మాట్లాడలేదు. మరుసటి రోజు నుంచి బండి కదిలించే ముందు చుట్టూ ఓసారి తిరిగొచ్చి ఎక్కడం మొదలుపెట్టాడు.

2021 జులైలో అమల్లోకొచ్చిన అక్రెడిటెడ్ (ప్రభుత్వ గుర్తింపు ఉన్న) శిక్షణ కేంద్రాల నిబంధనల ప్రకారం హెవీ కోర్సు ఆరు వారాల్లో 38 గంటలు. అక్కడ పాసైతే ఆర్టీవో ఆఫీసులో డ్రైవింగ్ టెస్టు నుంచి మినహాయింపు ఉంటుంది. ఆ 38 గంటలూ కూర్చుని నేర్చుకోండి.

అపోహ: ఘాటీ దిగేటప్పుడు న్యూట్రల్ వేస్తే డీజిల్ మిగులుతుంది

మనుషుల్ని చంపుతున్న అబద్ధం ఇది. సుంకి ఘాటీలో లోడు బండితో న్యూట్రల్ వేసి దిగేవాళ్ళని నా కళ్ళతో చూశాను. గేరులో ఉండి యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే ఇప్పటి ఇంజన్లు డీజిల్ అందడం ఆపేస్తాయి, బండి వేగమే ఇంజన్ని తిప్పుతుంది. న్యూట్రల్ వేస్తే ఇంజన్ ఐడిలింగ్‌లో తిరగడానికి డీజిల్ తాగుతూనే ఉంటుంది. అంటే మిగిలేదేమీ లేదు.

పోయేది మాత్రం చాలా ఉంది. గేరు లేని బండిని ఆపే భారమంతా బ్రేకుల మీద పడుతుంది. డ్రమ్ములు కాలిపోతాయి, లైనింగు మాడిన కమురు వాసన క్యాబిన్‌లోకి కొడుతుంది, ఆ తర్వాత ఎంత తొక్కినా పట్టదు. భయంతో మళ్ళీ మళ్ళీ తొక్కుతుంటే బ్రేకుల్ని పనిచేయించే గాలి ట్యాంకులో తగ్గిపోతుంది. ఐడిలింగ్‌లో ఉన్న ఇంజన్ మీద కంప్రెసర్ అంత త్వరగా గాలి నింపలేదు. మీటరు ముల్లు కిందికి దిగుతుంటే చూస్తూ కూర్చోవడం నాకు తెలుసు. ఒకసారి నాకూ జరిగింది. కొండవైపు మట్టికట్టకి బండి ఆనించి బతికాను. ఆ రోజు నేను న్యూట్రల్ వెయ్యలేదు గానీ పెద్ద గేరులో దిగాను, అంతే తేడా.

పిల్లలకి నేను నేర్పేది ఇది. మలుపు రాకముందే, దిగుడు మొదలవకముందే గేరు తగ్గించాలి. ఎక్కడానికి ఏ గేరు పట్టిందో దిగడానికీ అదే, లోడు ఎక్కువైతే ఇంకా కింది గేరు. ఎగ్జాస్ట్ బ్రేకు, అంటే ఇంజన్ పొగని అడ్డుకుని బండి వేగం తగ్గించేది, వాడాలి. ఫుట్ బ్రేకు గట్టిగా ఒకసారి తొక్కి వేగం తగ్గించి వదిలెయ్యాలి, అదే పనిగా పాదం ఆనించి ఉంచకూడదు. వెనక బస్సువాడు హారన్ కొడితే కొట్టనివ్వండి. ఎదురుగా ఎక్కుతున్న బండికి దారివ్వండి.

అపోహ: ఓవర్‌లోడు సంగతి ఓనరు చూసుకుంటాడు

జరిమానా రూ. 20,000, ఆపైన అదనపు టన్నుకి రూ. 2,000 చొప్పున. ఓనరు కడతానంటాడు, ఒక్కోసారి కడతాడు కూడా. కానీ ఓవర్‌లోడు తోలినందుకు సస్పెండయ్యేది మీ లైసెన్సు. అది లేని మూడు నెలలు ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో ఓనరు అడగడు. లోడింగ్ దగ్గరే కాటా చీటీ అడగండి. ఆర్సీలో బరువుతో సరిచూసుకుని, చీటీ ఫొటో ఫోన్లో పెట్టుకున్నాకే బండి కదిలించండి.