నోటి క్యాన్సర్ రిపోర్టులో ‘పి53’: అపోహలు - వాస్తవాలు

నోటి క్యాన్సర్ బయాప్సీలు చూడడం పాథాలజిస్టుగా నా రోజువారీ పని. రిపోర్టులో ‘పి53’ (ఒక జన్యువు తయారుచేసే ప్రోటీన్ పేరు) అని కనబడగానే ఇంటిల్లిపాదికీ టెన్షన్ మొదలవుతుంది. అందులో చాలా భాగం అక్కర్లేనిది.

అపోహ: జన్యువులో లోపమంటే వంశపారంపర్యమే. పిల్లలకూ వస్తుంది.

వాస్తవం: టీపీ53 జన్యువు అందరిలోనూ ఉంటుంది, 17వ క్రోమోజోమ్ మీద. అది తయారుచేసే పి53 ప్రోటీన్, డీఎన్ఏ దెబ్బతిన్న కణాన్ని విభజన చెందకుండా ఆపుతుంది. బాగుపడే దారి లేకపోతే చనిపోయేలా చేస్తుంది. పొగాకు రసాయనాలు నోటి పొరలోని ఒక కణంలో ఈ జన్యువునే పాడుచేస్తే ఆ అదుపు పోతుంది. ఈ దెబ్బ అండానికో వీర్యకణానికో చేరదు కాబట్టి పిల్లలకు సంక్రమించదు. పుట్టుకతోనే ఈ లోపం ఉండే లి-ఫ్రామెనీ సిండ్రోమ్ చాలా అరుదు. అందులో ఎక్కువగా వచ్చేవి రొమ్ము, మెదడు, ఎముక క్యాన్సర్లు.

శ్రీకాకుళం వైపు అడ్డపొగ తాగే ఆడవాళ్లను చూడండి. చుట్ట నిప్పును నోట్లో పెట్టుకుని పీలుస్తారు, క్యాన్సర్ అంగిలి మీద వస్తుంది. తల్లికీ కూతురికీ వస్తే ‘వంశంలో ఉంది’ అనేస్తారు. ఆ ఇంట్లో తరతరాలుగా వస్తున్నది చుట్ట అలవాటు. జీన్ టెస్ట్ కోసం పరుగెత్తే ముందు పిల్లల చేతికి చుట్ట, గుట్కా అందకుండా చూడండి.

అపోహ: ‘పి53 పాజిటివ్’ అంటే రక్షించే ప్రోటీన్ బాగా ఉన్నట్టే.

వాస్తవం: తరచూ దీనికి పూర్తిగా వ్యతిరేకం. మామూలు పి53 నిమిషాల్లో విచ్ఛిన్నమైపోతుంది. అందుకే బయాప్సీ ముక్క మీద పి53ని పట్టిచూపే రంగు (స్టెయిన్) వేస్తే అక్కడొకటి ఇక్కడొకటి కణ కేంద్రకం లేత గోధుమరంగులో కనిపిస్తుంది. చెడిన ప్రోటీన్ పేరుకుపోతుంది కాబట్టి గడ్డలోని కేంద్రకాలు దాదాపు అన్నీ ముదురు గోధుమరంగుకు తిరుగుతాయి. ఇంకో చిక్కుంది. జన్యువు అసలు ప్రోటీనే తయారుచేయలేనంతగా పాడైతే గడ్డలో ఒక్క కేంద్రకానికీ రంగు పట్టదు. నెగెటివే కదా అని ఊరటపడకూడదు. పక్కనున్న మామూలు కణాలకు రంగు పట్టిందో లేదో చూశాకే మేం ఏదైనా చెబుతాం.

అపోహ: స్క్వేమస్ క్యాన్సర్లన్నిటిలో (పైపొరలోని చదునైన కణాల్లో పుట్టేవి, నోటి క్యాన్సర్ ఎక్కువగా ఈ రకమే) ఇదే కథ.

వాస్తవం: గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లో జన్యువు సాధారణంగా బాగానే ఉంటుంది. హెచ్‌పీవీ వైరస్ తయారుచేసే ఈ6 ప్రోటీన్, పి53ని నాశనం చేయిస్తుంది. అక్కడ టీకాతో చాలావరకు ఆపొచ్చు.

అపోహ: పి53 చెడితే వైద్యం లేదు.

వాస్తవం: నోటి క్యాన్సర్‌కు ప్రధాన వైద్యం ఆపరేషన్, అవసరమైతే రేడియేషన్. పి53 చెడిందని అది ఆగదు. ఆపరేషన్ తర్వాత రిపోర్టులో ముందు చూడాల్సినవి: గడ్డ ఎంత లోతుకు దిగింది, మెడలోని లింఫ్ గ్రంథులకు పాకిందా, కోసిన అంచుల్లో క్యాన్సర్ కణాలు మిగిలాయా.