థామ్ లువాంగ్ కోచ్‌ను ఆ తల్లిదండ్రులు ఎందుకు తిట్టలేదు?

వానలు మొదలయ్యేసరికి హైదరాబాద్‌లో పేరెంట్స్ వాట్సాప్ గ్రూపుల్లో మళ్ళీ అదే పంచాయితీ. పిల్లల్ని స్కూల్ టూర్‌కి పంపాలా? ఏదైనా జరిగితే ఎవర్ని అడగాలి? థాయ్‌లాండ్‌లోని థామ్ లువాంగ్ గుహలో వరదకు చిక్కుకుపోయిన ఫుట్‌బాల్ జట్టు పిల్లల వీడియోలు కూడా మళ్ళీ తిరుగుతున్నాయి. వాటి కింద చాలామంది, వాళ్లను లోపలికి తీసుకెళ్లిన కోచ్‌నే తిడుతున్నారు.

డైవర్లు పిల్లల్ని ఎలా బయటికి తెచ్చారో అందరికీ తెలుసు. ఈ గొడవకు అసలు కీలకం 2018 జూలై 7.

జూన్ 23న చిక్కుకున్న 12 మంది పిల్లలు, పాతికేళ్ల కోచ్ జూలై 2న గుహ లోపల ప్రాణాలతో కనిపించారు. సంతోషంతో పాటే కోచ్ మీద నిందలూ మొదలయ్యాయి. జూలై నుంచి నవంబరు దాకా లోపలికి పోవద్దని గుహ దగ్గర బోర్డు ఉంది. వీళ్లు వెళ్లింది జూన్‌లో, వరద ముందే వచ్చింది. 6వ తేదీన, లోపల గాలి సిలిండర్లు పెట్టి వస్తూ సమన్ కునన్ అనే మాజీ నేవీ డైవర్ చనిపోయాడు. కోచ్‌ను దుమ్మెత్తిపోయడానికి ఇంకేం కావాలి?

ఆ మర్నాడే ఉత్తరాలు బయటికొచ్చాయి. నిన్ను నువ్వు నిందించుకోకు అని తల్లిదండ్రులు కోచ్‌కు రాశారు. అతను వాళ్లకు క్షమాపణ చెప్పి, పిల్లల్ని చేతనైనంత బాగా చూసుకుంటానని మాటిచ్చాడు. అప్పటికి ఒక్క పిల్లాడూ బయటికి రాలేదు. మొదటివాళ్లు వచ్చింది 8న. బతికొచ్చారు కాబట్టి క్షమించారులే అనేవాళ్లు ఈ తేదీలు ఒక్కసారి చూడాలి. పంపులతో తోడిన నీళ్లు పొలాలను ముంచితే, కొందరు రైతులు పరిహారం కూడా వద్దన్నారు.

వాన రోజుల్లో గుహలోకి తీసుకెళ్లడం తప్పే అన్న మాటలో న్యాయం ఉంది. కానీ అక్కడితో ఆగిపోతే మిగతావాళ్లంతా తప్పించుకుంటారు.

మన నగరానికి ఆ సంగతి బియాస్ నది నేర్పింది. 2014 జూన్ 8న హిమాచల్‌లో హైదరాబాద్ ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోతే, ఫొటోల కోసం నదిలోకి దిగారంటూ ముందు ఆ పిల్లల్నే తప్పుపట్టారు చాలామంది. పైన లార్జి డ్యాం నుంచి నీళ్లు వదిలారన్నది తర్వాతి మాటైంది. 2016లో అక్కడి హైకోర్టు ఒక్కో కుటుంబానికి 20 లక్షల పరిహారం ఇవ్వమంది. అందులో ఎక్కువ వాటా డ్యాం నడిపే విద్యుత్ బోర్డుది. కాలేజీ కూడా తన వాటా కట్టాల్సిందేనంది.

ఇప్పుడు కొన్ని స్కూళ్లు టూర్‌కి ముందు సంతకం పెట్టమంటున్న కాగితంలో, ఏం జరిగినా యాజమాన్యానికి బాధ్యత లేదనే లైన్ ఉంటోంది. ఆ లైన్ కొట్టేసి సంతకం పెడతామంటున్న తల్లిదండ్రులు అడుగుతున్నది సబబే. పిల్లలు దిగే చోట ఏటికి పైన డ్యాం ఉందా, నీళ్లు వదిలే ముందు ఫోన్ ఎవరికి వస్తుంది, వాన పడితే వెనక్కి తిప్పే అధికారం బస్సులో ఉన్న టీచర్‌కు ఉందా? ఈ మూడూ ఆ కాగితంలో రాసివ్వమంటున్నారు.