ముందు ఆరు నెలలు ఏదీ మార్చకండి

విద్యానగర్, హైదరాబాద్

చిరంజీవులు చిన్నాకీ, బుజ్జికీ తాతయ్య ఆశీస్సులు.

దసరాకి ఆయుధపూజ చేస్తున్నప్పుడు మీరిద్దరూ నా యమహా ఆర్ఎక్స్ 100 బైక్ చుట్టూ గంటసేపు తిరిగారు. బుజ్జీ, ఆ కంపెనీ గుర్తులో మూడు పుల్లలు చూసి "ఇవేంటి తాతయ్యా?" అని అడిగావు. చిన్నా, నువ్వు "నేనూ ఇలాంటిదే కొంటా" అన్నావు. ఇంతలో చుట్టాలు వచ్చారు, ఇద్దరికీ సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. చిన్నా, నిన్న ఫోన్ చేసి, మల్కాజిగిరిలో 1994 నాటి ఆర్ఎక్స్ 100 ఒకటి అమ్మకానికి ఉంది, ఆదివారం చూడ్డానికి రమ్మన్నావు కదా. తప్పకుండా వస్తాను. కానీ బండి ఎదురుగా నిలబడ్డాక మనసు ఆగదు, అప్పుడు ఎవరి మాటా చెవికెక్కదు. అందుకే ఇప్పుడే కూర్చుని రాస్తున్నాను.

బుజ్జీ, ముందు నీ ప్రశ్న. ఆ మూడూ శృతిదండాలు, అంటే ట్యూనింగ్ ఫోర్కులు. మీ ఫిజిక్స్ పుస్తకంలో ఉన్నవే. తొరకుసు యమహా అనే ఆయన 1887లో జపాన్‌లోని హమమత్సులో ఒక బడికి వెళ్లి, పాడైన ఆర్గన్‌ని బాగుచేశాడు. అది మన హార్మోనియం లాంటిదే, గాలి తగిలితే లోపలి రీడ్లు కదిలి పలుకుతుంది. బాగుచేసిన చేత్తోనే సొంతంగా ఆర్గన్లు తయారుచేయడం మొదలుపెట్టాడు. అలా పుట్టిన వాయిద్యాల కంపెనీ 1955లో తన మొదటి మోటార్‌సైకిల్ తెచ్చింది. బండి మీద సంగీతం గుర్తు అందుకే. అదే హమమత్సు ప్రాంతంలో 1909లో మగ్గాలు తయారుచేయడానికి పెట్టిన కంపెనీ సుజుకీ. సోయిచిరో హోండా కూడా అక్కడివాడే. యుద్ధం ముగిశాక, 1946లో, సైన్యం వైర్‌లెస్ సెట్లకు వాడి వదిలేసిన చిన్న ఇంజన్లను సైకిళ్లకు బిగించి అమ్మాడు. హార్మోనియం చేసే చేతులు, మగ్గం చేసే చేతులు, సైకిల్‌కి ఇంజన్ కట్టిన చేతులు, అన్నీ ఒక్క ప్రాంతానివే. నాకు ఈ సంగతి ఎన్నిసార్లు తలుచుకున్నా ఆశ్చర్యమే.

మన దగ్గరికి ఈ బళ్లు దాదాపు ఒకేసారి వచ్చాయి. 1983లో రాజ్‌దూత్ 350 (అదీ యమహా బండే), 1984లో ఇండ్-సుజుకీ, 1985లో హీరో హోండా సీడీ 100, అదే ఏడాది ఆర్ఎక్స్ 100. అప్పటిదాకా మా రోడ్ల మీద బుల్లెట్, యెజ్దీ, చేతక్ స్కూటర్లు. నేను ఆర్టీసీ డిపోలో కొత్తగా చేరిన రోజులు. ఉస్మానియాలో ఆర్ట్స్ కాలేజీ ముందు ఒక కుర్రాడు ఆర్ఎక్స్ మీద దూసుకుపోతుంటే ఆ చప్పుడు తార్నాక వైపు మలుపు తిరిగేదాకా నిలబడి విన్నాను. కొనే స్తోమత లేదు. రిటైరయ్యాక, 2018లో, 1993 మోడల్ ఒకటి కొన్నాను.

ఇప్పుడు అసలు మాట. బండి మీ చేతికొచ్చాక మొదటి ఆరు నెలలు దాని తీరు మార్చే పని ఏదీ చేయకండి. అరిగిన టైర్లు, బ్రేక్ షూలు, కేబుళ్లు మార్చాల్సిందే, అది వేరు. నేననేది సైలెన్సర్, ఎయిర్ ఫిల్టర్, గాలిలో పెట్రోల్ కలిపే కార్బురేటర్‌లోని జెట్లు (పెట్రోల్ వచ్చే సన్న కన్నాల ముక్కలు), హ్యాండిల్, ఇలాంటివి. ఎందుకో కాస్త లోపలికి వెళ్లి చెబుతాను.

బుజ్జీ, ఆర్ఎక్స్ సిలిండర్ 50 మిల్లీమీటర్ల వెడల్పు, పిస్టన్ పైకీ కిందకీ కదిలే దూరం కూడా 50 మిల్లీమీటర్లే. స్తూపం ఘనపరిమాణం సూత్రంలో వేసి చూడు, 98 సీసీ వస్తుంది. సీడీ 100 ఇంజన్ కూడా దాదాపు అంతే, 97 సీసీ. కానీ హోండాకి ఏడు హార్స్‌పవర్ పైచిలుకు వస్తే, దీనికి పదకొండు. కారణం, హోండాది ఫోర్ స్ట్రోక్, పిస్టన్ రెండుసార్లు పైకొస్తే ఒకసారి మంట. ఆర్ఎక్స్‌ది టూ స్ట్రోక్, పైకొచ్చిన ప్రతిసారీ మంట. పైగా బండి బరువు నూరు కిలోలు కాస్త దాటుతుంది, అంతే. అందుకే ఆ పికప్.

టూ స్ట్రోక్‌కి మామూలు వాల్వులు ఉండవు. సిలిండర్ గోడకే కన్నాలుంటాయి, పిస్టన్ కదులుతూ వాటిని మూస్తుంది, తెరుస్తుంది. లోపలికి వచ్చే గాలి, పెట్రోల్ వెనక్కి పోకుండా పలచటి రేకులు అడ్డుపడతాయి. వాటినీ రీడ్లనే అంటారు. ఆర్గన్ బాగుచేసిన ఆయన పేరున్న బండి రీడ్లతో ఊపిరి పీలుస్తుందన్నమాట. చిక్కు ఎక్కడంటే, కాలిన పొగ బయటికి పోయేటప్పుడు కొత్తగా వచ్చిన పెట్రోల్ ఆవిరి కూడా దాని వెంటే జారిపోతుంది. దాన్ని ఆపేది సైలెన్సర్. బావిలోకి కేకేస్తే మన గొంతు మనకే తిరిగొస్తుంది కదా, అలాగే సైలెన్సర్ లోపలి ఆకారానికి తగిలి ఒత్తిడి వెనక్కి తిరిగొచ్చి, జారిపోబోయే పెట్రోల్‌ని మళ్లీ సిలిండర్లోకి తోస్తుంది. ఆ గొట్టం పొడవు, లావు, లోపలి వంపు అన్నీ లెక్క కట్టి పెట్టినవి. చప్పుడు కోసం దాన్ని పీకేసి ఇంకోటి పెట్టినవాడు ఇంజన్‌లో ఒక భాగాన్ని పీకేసినట్టే. చెవులు హోరెత్తుతాయి, కింది వేగాల్లో బండి నీరసపడుతుంది. పోలీసులు పట్టుకుంటారు, అదీ న్యాయమే. వీధిలో నిద్రపోయే పసిపిల్లలుంటారు, పెద్దవాళ్లుంటారు.

ఈ మాట నేను నష్టపోయి నేర్చుకున్నాను. కొన్న రెండో నెలలో, ఎయిర్ ఫిల్టర్ తీసేస్తే బండి ఇంకా లాగుతుందని ఒక కుర్రాడు చెప్పాడు. ముప్పై ఏళ్లు డీజిల్ ఇంజన్లు విప్పినవాణ్ణి, నాకు తెలియదా అనుకుని తీసేశాను. గాలి ఎక్కువైంది, పెట్రోల్ తక్కువైంది. టూ స్ట్రోక్ ఇంజన్ లోపల పిస్టన్ అరగకుండా కాపాడేది పెట్రోల్‌తో పాటు వెళ్లే ఆయిలే. నా బండికి ఆ ఆయిల్ పెట్రోల్‌తో కలిసే వెళ్తుంది, కాబట్టి ఆయిల్ కూడా తగ్గింది. ఇంజన్ వేడెక్కింది. అల్యూమినియం పిస్టన్ వ్యాకోచించి ఇనుప గోడకి పట్టేసింది. శామీర్‌పేట రోడ్డులో తూంకుంట దాటాక వెనక చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోయింది. వెంటనే క్లచ్ పట్టుకున్నాను కాబట్టి బండి దొర్లుతూ పక్కకొచ్చి ఆగింది. వెనకాల లారీ ఉంది. మీ అమ్మమ్మకి ఈ సంగతి ఇప్పటిదాకా పూర్తిగా చెప్పలేదు. చిన్నా, టూ స్ట్రోక్ నడిపినంతకాలం ఎడమచేతి రెండు వేళ్లు క్లచ్ మీదే ఉండాలి. ఇంజన్ గొంతు మారినా, ఉన్నట్టుండి ఎవరో వెనక్కి లాగుతున్నట్టనిపించినా, ఆలోచించకుండా క్లచ్ పట్టెయ్.

తరువాత సిలిండర్ బోర్ చేయించి, అంటే దాని లోపలి గోడని కాస్త తొలిపించి, అర మిల్లీమీటరు పెద్ద పిస్టన్ వేయించాను. అందువల్ల నువ్వు బండి చూసేటప్పుడు ఎన్నో బోర్ మీద ఉందో అడుగు. పాతిక పాయింట్లు (అంటే పావు మిల్లీమీటరు), యాభై, డెబ్భై ఐదు, ఒక మిల్లీమీటరు, ఇలా పెరుగుతూ పోతుంది. ఆఖరి బోర్ కూడా అయిపోయిన బండికి సిలిండర్‌లో లైనర్ (లోపలి ఇనుప గొట్టం) మార్చాల్సి వస్తుంది, ధర దాన్నిబట్టి మాట్లాడుకోవాలి.

మల్కాజిగిరి బండి ఫోటో పంపావు, తళతళా మెరుస్తోంది. కొత్త పెయింట్ చూస్తే నాకు భయం. పైన పటారం లోన లొటారం అని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. తుప్పు కనబడితే ఎక్కడ ఉందో తెలుస్తుంది, పెయింట్ కింద ఉంటే తెలియదు. మనం వెళ్లగానే ముందు ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడాలి. వెచ్చగా ఉంటే మనం రాకముందే స్టార్ట్ చేశారని అర్థం. చల్లటి ఇంజన్ రెండు మూడు కిక్కులకి అందుకోవాలి. మొదట్లో పొగ వస్తుంది, అది సహజం. బాగా వేడెక్కాక కూడా తెల్లటి పొగ ఆగకుండా వస్తూ, గేర్ ఆయిల్ తగ్గుతూ ఉంటే, క్లచ్ వైపు క్రాంక్ సీల్ (ఇరుసు చుట్టూ ఆయిల్, గాలి దూరకుండా ఆపే రబ్బరు రింగు) పోయి గేర్ ఆయిల్‌ని ఇంజన్ తాగేస్తోందన్నమాట. రెండో వైపు సీల్ పోతే గాలి లాగుతుంది. అప్పుడు యాక్సిలరేటర్ వదిలినా రేజింగ్ వెంటనే కిందికి దిగదు. అది ఇంకా ప్రమాదం, నాకు జరిగినట్టే జామ్ అవుతుంది. స్పార్క్ ప్లగ్ విప్పి చూద్దాం. కొస ఇరానీ చాయ్ రంగులో ఉంటే ఆ ఇంజన్ సుఖంగా ఉన్నట్టు. సున్నంలా తెల్లగా ఉంటే వేడిగా నడుస్తోంది, నల్లగా జిడ్డుగా ఉంటే పెట్రోల్ ఎక్కువ తాగుతోంది. ట్యాంకు మూత తీసి టార్చ్‌తో చూడాలి. లోపల తుప్పు రేగితే అది కార్బురేటర్‌లోకి దిగుతుంది. ఆయిల్ పంపు పనిచేస్తోందా, తీసేసి ఆయిల్ పెట్రోల్లో కలుపుతున్నారా, ఇది మాత్రం కిక్ కొట్టకముందే అడగాలి. తెలియక ఉత్త పెట్రోల్ పోసి నడిపితే ఆ ఇంజన్ అక్కడితో సరి.

కాగితాల గురించి ఎక్కువ చెప్పను, కానీ ఇక్కడ మొహమాటం వద్దు. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు ఆర్సీలో ఉన్నట్టే అచ్చంగా ఉండాలి. ఆకురాయితో రాసిన గీతలు కనబడినా, ఒక్క అంకె తేడా వచ్చినా, బండి ఎంత నచ్చినా దండం పెట్టి వచ్చేద్దాం. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకి, తరువాత ఐదేళ్లకోసారి రెన్యువల్. 1994 బండి అంటే 2009, 2014, 2019, 2024లో అయి ఉండాలి. బండి పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 మీద సంతకాలయ్యాకే డబ్బు మొత్తం ఇవ్వాలి. ఇన్సూరెన్స్ నీ పేరుకి మారేదాకా బండి రోడ్డెక్కకూడదు.

ఇంటికొచ్చాక నేను నేర్పే మొదటి పని స్క్రూలు విప్పడం. జపాన్ బళ్ల స్టార్ స్క్రూలు మన ఇంట్లో ఉండే స్క్రూడ్రైవర్‌కి సరిగ్గా సరిపోవు. వాళ్ల కొలత వేరు, జేఐఎస్ అంటారు. మామూలుది పెట్టి తిప్పితే జారి తల చెక్కుకుపోతుంది. పాత యమహాల ఇంజన్ కవర్లు చూడండి, తలలు పాడైన స్క్రూలు ఎన్ని ఉంటాయో. ఆ జేఐఎస్ స్క్రూడ్రైవర్ ఒకటి నా దగ్గరుంది, చిన్నాకి అదే నా కానుక. స్పేర్ల కోసం పుత్లీబౌలీ, రాణిగంజ్ తిరుగుదాం. డూప్లికేట్ పిస్టన్ కొత్తది కొనేకంటే, మంచి ఒరిజినల్ దొరికేదాకా ఓపిక పట్టడం మేలు. బుజ్జీ, నువ్వూ రావాలి. నీ వేళ్లు సన్నవి, కార్బురేటర్ జెట్లు నాకంటే నువ్వే బాగా పట్టుకుంటావు.

ఇప్పటి పెట్రోల్‌లో ఇథనాల్ కలుస్తోంది. పాత రబ్బరు పైపులకి, సీళ్లకి అది పడదు, తేమను కూడా పీల్చుకుంటుంది. పైపులు కొత్తవి వేయిద్దాం. రెండు మూడు వారాలు బండి తీయనంటే పెట్రోల్ కాక్ కట్టేసి, కార్బురేటర్ గిన్నెలోది దించేయాలి.

చిన్నా, నడిపేటప్పుడు గుర్తుంచుకో, ముందూ వెనకా డ్రమ్ బ్రేకులే. ఈ కాలం బండిలా పట్టగానే ఆగదు, ముందు బండికి రెట్టింపు దూరం వదులు. పెద్ద దిగుడులో యాక్సిలరేటర్ పూర్తిగా మూసేసి గేర్‌లోనే వదిలేయకు. పెట్రోల్ ఆగితే దాంతో వచ్చే ఆయిల్ కూడా ఆగుతుంది, చక్రం మాత్రం ఇంజన్‌ని తిప్పుతూనే ఉంటుంది. మధ్యమధ్య కాస్త తిప్పి వదులుతుండు. అనంతగిరి కొండలు దిగేటప్పుడు నేను చేసేదదే. ఔటర్ రింగ్ రోడ్డు మీదికి ఎలాగూ టూవీలర్లని రానివ్వరు, మనకి దాంతో పని లేదు. హెల్మెట్ గురించి నీకు వేరే చెప్పాలా? బుజ్జీ, నీకు పద్దెనిమిది నిండేదాకా వెనక సీటే, అక్కడా హెల్మెట్ ఉండాల్సిందే.

ఇంకొక్కటి. ఈ ఇంజన్ కొంత పెట్రోల్‌ని కాలకుండానే బయటికి వదులుతుంది, ఆయిల్ కూడా కాలుస్తుంది. కాలుష్యం నిబంధనలు గట్టిపడే రోజుల్లోనే, 1996లో, దీని తయారీ ఆగిపోయింది. నాకు ఈ బండి ఎంత ఇష్టమో మీకు తెలుసు, అయినా రోజూ ఊళ్లో తిప్పాల్సిన బండి కాదంటాను. చిన్నా, కాలేజీకి మెట్రోలో వెళ్లు. ఆదివారం పొద్దున్నే, ట్రాఫిక్ లేనప్పుడు, లంగర్‌హౌస్ మీదుగా గండిపేట దాకా వెళ్దాం. యాభైలో నడిపితే చాలు. ఆ వేగంలోనే ఇంజన్ గొంతు తేటగా వినబడుతుంది. చెరువు గట్టు దగ్గర ఆపి ఇంజన్ కట్టేశాక, చల్లబడుతూ సిలిండర్ చుట్టూ ఉండే ఫిన్లు (వేడిని బయటికి పంపే రేకులు) టిక్ టిక్‌మంటాయి. బుజ్జికి ఆ చప్పుడు వినిపించాలని నాకు ఎప్పటినుంచో ఉంది.

ఆదివారం ఆరున్నరకల్లా మల్కాజిగిరి స్టేషన్ దగ్గర ఉంటాను. చిన్నా, అమ్మే ఆయనకి ముందు రోజు రాత్రే ఫోన్ చేసి, మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని మర్యాదగా చెప్పు. టార్చ్, పాత గుడ్డ, ఆర్సీ నంబర్లు రాసుకోవడానికి చిన్న నోట్‌బుక్ తీసుకురా. ప్లగ్ స్పానర్ నేను తెస్తాను.

ఇట్లు,
మీ తాతయ్య